సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఒకే చెరువు: వలస పక్షుల తిరుగు ప్రయాణాన్ని గమనించే పద్ధతి

చలికాలపు బాతులు తమ ఊరి చెరువు మీదికి ఎప్పుడు వచ్చాయో చాలామంది చెప్పగలరు. ఎప్పుడు వెళ్లిపోయాయో చెప్పగలిగేవారు అరుదు. వచ్చేటప్పుడు, అంతవరకు ఖాళీగా ఉన్న నీటి మీద ఒక్కసారిగా నల్లటి గుంపు కనిపిస్తుంది కాబట్టి దారినపోయేవారు కూడా ఆగి చూస్తారు. వెళ్లేటప్పుడు మాత్రం కొన్ని ఈ వారం, కొన్ని పై వారం, చాలాసార్లు పొద్దుగూకే వేళ, చెప్పాపెట్టకుండా తరిగిపోతాయి. ఆ తరుగుదలను కళ్లారా చూసి, కాగితం మీద పెట్టడం ఎలాగో చెప్పడానికే ఈ మార్గదర్శి. దీనికి దూరప్రయాణాలూ పెద్ద కెమెరాలూ అక్కర్లేదు. ఒకే చెరువు, ఒకే దారి, వారానికి ఒక ఉదయం చాలు. సంక్రాంతికి మొదలుపెట్టి, ఉగాది దాటాక మరో మూడు వారాలు కొనసాగిస్తే ఉగాది తేదీని బట్టి మొత్తం పదమూడు నుంచి పదహారు నడకలవుతాయి.

నేను నడిచే చెరువు హైదరాబాద్‌కు వాయవ్యంగా, సంగారెడ్డి జిల్లాలో ఉన్న అమీన్‌పూర్ చెరువు. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన ఈ చెరువు, దేశంలో ఆ హోదా దక్కిన తొలి నగర జలాశయం. చుట్టూ అపార్ట్‌మెంట్లు లేచినా, దీని మీద ఇంకా సూదితోక బాతులు దిగుతున్నాయి, కొన్ని ఏళ్లలో రాజహంసలు కూడా వస్తున్నాయి. ఉదాహరణలు ఎక్కువగా అక్కడివే ఇస్తాను కానీ, పద్ధతి మాత్రం తెలుగు నేల మీది ఏ చెరువుకైనా సరిపోతుంది.

మొదటి పని: చెరువును ఎంచుకోవడం

మంచి చెరువు అంటే పేరున్న చెరువు కాదు, మీరు వారంవారం వెళ్లగలిగే చెరువు. ఇంటి నుంచి అరగంటలో చేరుకునే దూరం దాటితే ఫిబ్రవరిలో రెండు వారాలు తప్పుతాయి, ఆ రెండు వారాల్లోనే అసలు మార్పు జరిగిపోతుంది. దూరం తరువాత చూడవలసింది లోతు. గట్లన్నీ రాతి కట్టడంతో నిటారుగా దిగిన చెరువులో నీటికాకులు, మునుగుడు కోళ్లు తప్ప ఎక్కువ పక్షులు ఉండవు. కనీసం ఒక వైపైనా శిఖం భూమి (చెరువు నిండినప్పుడు మునిగే నేల) ఏటవాలుగా నీళ్లలోకి దిగి, అక్కడ తుంగ, జమ్ము పెరిగి, కొంత బురద బయటపడే చెరువును ఎంచుకోండి. పక్షుల రకాలు పెరిగేది ఆ ఏటవాలు అంచు వల్లనే.

గుర్రపుడెక్క పూర్తిగా కమ్మేసిన చెరువు బాతులకు పనికిరాదు. అయితే సగం కమ్మినదాన్ని తోసిపుచ్చకండి. ఆ ఆకుల మీద పొడుగాటి వేళ్లతో నడిచే జకానాలు, నీలి బొల్లికోళ్లు కనిపిస్తాయి.

కొల్లేటిలోని ఆటపాక, గుంటూరు దగ్గరి ఉప్పలపాడు, పులికాట్ పక్కన నేలపట్టు, శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం వంటి చోట్ల నివసించేవారికి ఒక మాట. అక్కడ గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చెట్ల మీద గూళ్లు కట్టి పిల్లలను పెంచుతాయి కాబట్టి, ఆ చోట్ల శీతకాలం నుంచి వసంతం దాకా సాగే కథ పిల్లలు ఎదగడం, గూళ్లు ఖాళీ కావడం. అదీ చూడదగినదే, కానీ దాన్ని లెక్కించే పద్ధతి వేరు. ఇక్కడ నేను చెబుతున్నది గూడుకట్టని అతిథుల గురించి, అంటే మధ్య ఆసియా, సైబీరియా ప్రాంతాల నుంచి వచ్చి, నాలుగైదు నెలలు మేసి, తిరిగి వెళ్లే పక్షుల గురించి.

రెండో పని: బైనాక్యులర్‌ను కంటికి కుదుర్చుకోవడం

కొనదలచినవారు 8×42 అని రాసి ఉన్నది కొనుక్కోవడం మంచిది. మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో చెబుతుంది, రెండోది ముందు అద్దం వ్యాసం మిల్లీమీటర్లలో. 10 రెట్లది దూరపు బాతుల్ని మరికొంత పెద్దగా చూపిస్తుంది, కానీ చేతి వణుకునూ అంతే పెద్దది చేస్తుంది. గాలి వీచే కట్ట మీద నిలబడి గంటసేపు చూడాలంటే 8 రెట్లే నయమని నా అనుభవం.

కొన్న తరువాత చాలామంది చేయని పని ఒకటుంది. మన రెండు కళ్ల చూపు సమానంగా ఉండదు. దాన్ని సరిచేయడానికి సాధారణంగా కుడి కంటి గొట్టం దగ్గర ఒక తిరిగే కట్టు ఉంటుంది. ముందు కుడి వైపు అద్దాన్ని చేత్తో మూసి, ఎడమ కంటితో దూరపు బోర్డు మీది అక్షరాలను చూస్తూ, నడుమ ఉన్న చక్రాన్ని అక్షరాలు స్పష్టమయ్యేదాకా తిప్పాలి. ఆ తరువాత ఎడమ వైపు మూసి, చక్రాన్ని కదపకుండా, కుడి కంటికి అవే అక్షరాలు స్పష్టమయ్యేలా ఆ కట్టును తిప్పి, అది నిలిచిన చోట గుర్తు పెట్టుకోవాలి. ఇది చేయకుండా "పది నిమిషాలు చూస్తే తలనొప్పి వస్తోంది" అని బైనాక్యులర్‌ను అటక మీద పెట్టినవారిని నేను చూశాను. కళ్లద్దాలు పెట్టుకునేవారు కంటి దగ్గరి రబ్బరు అంచులను లోపలికి తిప్పి వాడాలి, లేకపోతే దృశ్యం చుట్టూ నల్లటి వలయం కనిపిస్తుంది.

దీనితోపాటు ఒక చిన్న నోటుపుస్తకం, పెన్సిలు తీసుకెళ్లండి. మంచుకు తడిసిన కాగితం మీద పెన్ను రాయదు.

మూడో పని: దారి, వేళ, ఎండ

మొదటి రోజున లెక్క పెట్టకండి. చెరువు చుట్టూ నడిచి, నీళ్లు బాగా కనిపించే నాలుగైదు చోట్లను ఎంచుకుని, వాటికి మీకు గుర్తుండే పేర్లు పెట్టండి: తూము దగ్గర, వేపచెట్టు కింద, అలుగు పక్కన, గుడి వెనుక. ఇక ప్రతి వారం అదే క్రమంలో, ప్రతి చోటా అంతే సేపు నిలబడాలి. దారి మారితే సంఖ్య మారుతుంది. అప్పుడు పక్షులు తగ్గాయో మీ చూపు తగ్గిందో తేల్చుకోలేరు.

ఉదయం ఎండ మీ వీపు మీద పడాలి, అంటే చెరువుకు తూర్పు వైపున నిలబడి పడమరకు చూడాలి. పడమటి గట్టు నుంచి తూర్పుకు చూస్తే బాతులన్నీ నల్లటి ముద్దలుగానే కనిపిస్తాయి. హైదరాబాద్ ప్రాంతంలో సంక్రాంతి రోజుల్లో సూర్యోదయం ఆరుంముప్పావు దాటాక అవుతుంది. అప్పటికీ పొగమంచు వీడదు కాబట్టి ఏడున్నరకు మొదలుపెట్టినా నష్టం లేదు. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని మనవాళ్లు అంటారు కదా, ఆ తరువాత వేళను వారంవారం ముందుకు జరపాలి. మార్చి చివరికి సూర్యోదయం ఆరుంబావు ప్రాంతానికి వస్తుంది, తొమ్మిది దాటితే నీటి మీది వేడిగాలి అలలుగా లేచి, దూరపు పిట్టల కాళ్ల రంగు కూడా తెలియకుండా చేస్తుంది.

నాలుగో పని: పక్షుల కంటే ముందు నీటిని చూడటం

తూము రాళ్ల మీదో, మెట్ల మీదో ఒక గుర్తు ఎంచుకుని, ప్రతి వారం నీరు ఎన్ని వరసలు దిగిందో మొదట రాయండి. పల్లె చెరువుల్లో యాసంగి వరికి తూము తీస్తారు కనుక జనవరి నుంచి నీరు త్వరగా దిగుతుంది, ఆ దిగిన మేరకు బురద బయటపడుతుంది, బురద కోసం కొత్త పక్షులు వస్తాయి, లోతు నీళ్లు కావలసిన పక్షులు నడిమికి జరుగుతాయి. నగరపు చెరువులకు ఏడాది పొడుగునా మురుగునీరు చేరుతుంది కాబట్టి మట్టం అంతగా దిగదు. బురద అంచు సన్నగానే ఉండి, బురదలో మేసే చిన్న పిట్టలైన ఉల్లంకుల గుంపులు తక్కువగా వస్తాయి. ఒకే జిల్లాలోని రెండు చెరువుల మధ్య తేడా చాలావరకు ఇందులోనే ఉంటుంది. ఈ సంగతి తెలియని రోజుల్లో నేను, పక్క మండలపు చెరువులో వందల పిట్టలుండగా మా చెరువులో పదే ఉన్నాయని, ఎవరో తరిమేశారని అనవసరంగా అనుమానపడ్డాను.

అయిదో పని: బాతులను మగవాటితో మొదలుపెట్టి గుర్తించడం

మగబాతులను నేర్చుకోవడానికి జనవరి చివర, ఫిబ్రవరి నెలలు చాలా అనువైనవి. శరదృతువులో వచ్చేటప్పుడు మగవి కూడా ఆడవాటిలాగే మట్టిరంగులో ఉంటాయి. మన చెరువుల మీద ఉండగానే ఈకలు మార్చుకుని, శీతకాలం ముగిసేనాటికి పెళ్లిబట్టలు కట్టినట్టు తయారవుతాయి.

సూదితోక బాతును మెడతోనే గుర్తించవచ్చు: గోధుమరంగు తల వెనుక నుంచి తెల్లటి చార మెడ పక్కగా దిగి రొమ్ము తెలుపులో కలుస్తుంది, తోక సూదిలా వెనక్కు పొడుచుకొస్తుంది. షవెలర్‌కు ముక్కు పారలా వెడల్పు, తల ముదురాకుపచ్చ, పక్కలు ఇటుకరంగు. అవి ముక్కును నీటి పైపొరకు ఆనించి గుండ్రంగా తిరుగుతూ మేస్తాయి కనుక, తల కనిపించకపోయినా ఆ తిరుగుడుతో దూరం నుంచే పోల్చుకోవచ్చు. గార్గెనీ కొంచెం చిన్నది. మిగిలిన బాతుల కంటే ఆలస్యంగా రంగు మార్చుకుంటుంది. జనవరిలో కేవలం మట్టిరంగు పిట్టగా కనిపించిన మగది, మార్చికల్లా కన్ను పైనుంచి మెడ దాకా వంగిన తెల్లటి కనుబొమతో కనిపిస్తుంది. ఆ కనుబొమ తేలిన రోజును విడిగా రాసిపెట్టుకోండి. మా చెరువులో చిట్టచివరగా వెళ్లేది ఈ గార్గెనీయే.

ఆడవాటిని విడిగా గుర్తించే ప్రయత్నం మొదటి ఏడు వద్దు. జంటగా తిరిగే మగదాన్నీ, ముక్కు ఆకారాన్నీ బట్టి ఊహించి, అనుమానముంటే "బాతు, తెలియలేదు" అని రాయండి. ఒక ఏడు నేను ఆడ షవెలర్లను మన స్థానికపు చుక్కమూతి బాతులుగా నెల రోజులు రాసుకుంటూ పోయాను. చుక్కమూతి బాతు నల్లటి ముక్కు కొసన పసుపు ఉంటుందన్న ఒక్క గుర్తును చూసి ఉంటే ఆ నెల లెక్క పాడయ్యేది కాదు. ఈ బాతు, ఈలవేసే చిన్న బాతు, నల్ల బొల్లికోడి ఏడాదంతా ఉండేవే. చలికాలంలో నల్ల బొల్లికోళ్ల సంఖ్య చాలా పెరుగుతుంది కనుక వాటినీ లెక్కలోంచి వదలకూడదు. వసంతానికి తగ్గే సంఖ్యల్లో బాగా కొట్టొచ్చినట్టు కనిపించేది అదే.

ఆరో పని: బురద అంచున సహనం

కొత్తవారు ఎక్కువగా భయపడేది బురద మీద పరుగెత్తే గోధుమరంగు చిన్న పిట్టలను చూసి. అన్నీ ఒక్కలాగే ఉంటాయి, పుస్తకం తెరిచేలోపు ఎగిరిపోతాయి. వీటిని రంగుతో కాకుండా నడవడితో మొదలుపెట్టాలి. ఒక రాయి దగ్గర కూర్చుని పదిహేను నిమిషాలు కదలకండి, ఎగిరినవి తిరిగొస్తాయి.

నిలబడిన చోటే నడుము కింది భాగాన్ని ఆపకుండా పైకీ కిందికీ ఊపేది కామన్ శాండ్‌పైపర్. దాని రొమ్ము తెలుపు ముడిచిన రెక్క ముందు నుంచి భుజం వైపుకు కొక్కెంలా ఎక్కుతుంది. ఆ కొక్కెం కనిపిస్తే ఇక అనుమానం లేదు. వీపు మీద తెల్ల చుక్కలు చల్లినట్టుండి, కాళ్లు పసుపుపచ్చగా, కన్ను పైన తెల్లటి గీత స్పష్టంగా ఉంటే వుడ్ శాండ్‌పైపర్. వీపు మరీ ముదురుగా ఉండి, మీరు చూసేలోపే అరుస్తూ లేచి, తోక పైభాగం తెల్లగా మెరిపిస్తూ పోయేది గ్రీన్ శాండ్‌పైపర్. ఇది చాలాసార్లు ఒంటరిగా కాలువ మూలన దొరుకుతుంది. పిచుకంతే ఉండి, కుట్టుమిషన్ సూదిలా బురదను టకటకా పొడుస్తూ గుంపుగా తిరిగేవి లిటిల్ స్టింట్‌లు, వాటి కాళ్లు నల్లన. దాదాపు అంతే ఉండి, కాళ్లు పసుపురంగులో ఉండి, అంచు గడ్డిలో నెమ్మదిగా నడిచేది టెమ్మింక్స్ స్టింట్. కొంత పరుగెత్తి, ఠక్కున ఆగి, మళ్లీ పరుగెత్తేది ప్లోవర్. వసంతం వచ్చేసరికి చిన్న ప్లోవర్ కంటి చుట్టూ పసుపు వలయం ఉంగరంలా తేలుతుంది.

కాళ్ల రంగు చూసేటప్పుడు జాగ్రత్త. తడి బురద అంటిన పసుపు కాళ్లు నల్లగా కనిపిస్తాయి. పిట్ట నీళ్లలోకి దిగి కాళ్లు కడుక్కునేదాకా ఆగి, అప్పుడు రాయండి.

ఏడో పని: లెక్క

యాభై లోపు పక్షులుంటే ఒక్కొక్కటిగా లెక్కపెట్టండి. అంతకు మించితే, గుంపులో ఒక చివర పదిని లెక్కించి, ఆ పది ఆక్రమించిన చోటును కంటికి అలవాటు చేసుకుని, గుంపంతటి మీదా అలాంటి చోట్లు ఎన్ని పడతాయో చూడండి. ఎడమ నుంచి కుడికి ఒకసారి, కుడి నుంచి ఎడమకు మరోసారి చేస్తే, రెండు లెక్కల మధ్య తేడా మీ పొరపాటు ఎంతో చెబుతుంది. రెండూ మరీ దూరంగా ఉంటే మూడోసారి లెక్కించాలి. "చాలా", "బోలెడు" అని రాసిన పుస్తకం మార్చిలో ఎందుకూ పనికిరాదు.

చిత్తడి నేలల మీద తిరిగే మార్ష్ హారియర్ అనే గద్ద తల మీదుగా పోయినప్పుడు నల్ల బొల్లికోళ్లు దగ్గరదగ్గరగా ముద్దకడతాయి, జమ్ములో దాగిన బాతులు బయటికి లేస్తాయి. లెక్కకు అంతకంటే మంచి సమయం దొరకదు. అదే పనిని మీరు చప్పట్లు కొట్టి చేయకూడదు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఈ పక్షులు వేల కిలోమీటర్ల ప్రయాణానికి కొవ్వు కూడబెట్టుకుంటాయి. ఎగురుతున్న ఫోటో కోసం గుంపును లేపిన ప్రతిసారీ ఆ కూడబెట్టిన దాంట్లోంచి ఖర్చవుతుంది. ఫోన్‌లో పక్షి కూత వినిపించి పిలవడం, డ్రోన్ ఎగరేయడం కూడా ఇలాంటివే.

నోటుపుస్తకంలోని లెక్కను ఇంటికి వచ్చాక, పక్షుల జాబితాలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో చేర్చండి. బయలుదేరిన వేళ, పట్టిన సమయం, నడిచిన దూరం తప్పక ఇవ్వాలి. గుర్తుపట్టిన పక్షులన్నిటినీ రాశారా అన్న ప్రశ్నకు నిజాయతీగా జవాబివ్వాలి. కాకినీ పావురాన్నీ వదిలేసి "అన్నీ రాశాను" అంటే ఆ జాబితా విలువ పోతుంది. జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణన, ఫిబ్రవరి నడుమ నాలుగు రోజులపాటు జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ మీ వారాల మధ్యలోనే పడతాయి కనుక, ఆ రోజుల్లో ఒక నడక కలుపుకుంటే సరిపోతుంది. కూత విని పేరు చెప్పే మెర్లిన్ యాప్ తోటల్లో బాగా పనికొస్తుంది. నీటిమీద మాత్రం దాని మాటను సూచనగానే తీసుకోండి, పక్షిని చూసేదాకా పేరు రాయకండి.

ఎనిమిదో పని: ఉండిపోయేవాటి రంగులు

వెళ్లేవాటి మీదే దృష్టి పెడితే, ఇక్కడే ఉండే పక్షుల వసంతం తప్పిపోతుంది. జనవరిలో గట్టు మీద మట్టిచారలతో, ఉన్నదో లేదో తెలియకుండా కూర్చున్న గుడ్డి కొంగను మార్చి చివర నుంచి వారంవారం గమనించండి. తల లేతపసుపుకు తిరిగి, వీపు ముదురు వంకాయరంగుకు మారుతూ పోతుంది. ఆ మార్పు మధ్యలో ఉన్న పక్షి సగం మాసిన, సగం కొత్త బట్ట కట్టినట్టు ఉండి, ఇదేదో కొత్త జాతి అనిపిస్తుంది. పశువుల వెంట తిరిగే తెల్లకొంగల తలా మెడా నారింజరంగుకు వస్తాయి. నీటి మీద ఎగిరే టర్న్‌లలో, నిండు పసుపు ముక్కుతో ఉండే రివర్ టర్న్ ఇక్కడిదే, దాని నల్లటోపీ ఇప్పుడు నిండుతుంది. మీసాల టర్న్ అతిథి. వెళ్లేముందు దాని పొట్ట బూడిదనలుపుకు తిరిగితే, మధ్య మిగిలిన తెల్లటి చెంప మీసంలా కనిపించి పేరు ఎందుకు వచ్చిందో తెలుస్తుంది.

చెరువు మీదే కాక గట్టు చెట్ల మీదా చూడండి. మోదుగ, బూరుగ పూసినప్పుడు గులాబీరంగు గోరింకలు గుంపులుగా వాలి, తేనె తాగి, అరిచి, లేచిపోతాయి. అవి కూడా మధ్య ఆసియా వైపు తిరుగు ప్రయాణంలో ఉన్నవే.

ఇక మార్చి నుంచి కాళ్ల కింద చూసుకుని నడవాలి. తీతువులు, పొడుగుకాళ్ల స్టిల్ట్‌లు, చిన్న ప్లోవర్లు ఎండిన శిఖంలో వట్టి నేల మీదే గుడ్లు పెడతాయి, ఆ గుడ్లు గులకరాళ్లలో కలిసిపోతాయి. తీతువు మీ తల మీద తిరుగుతూ ఆగకుండా అరుస్తోందంటే మీరు గూటికి దగ్గరగా ఉన్నారని అర్థం. వెతకకుండా, వచ్చిన దారినే వెనక్కు వెళ్లండి.

తొమ్మిదో పని: సున్నాలు రాయడం

అన్నిటికంటే ఎక్కువమంది వదిలేసే పని ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. నా మొదటి ఏడు, మార్చి రెండో వారంలో చెరువంతా చూసి ఒక్క సూదితోక బాతూ కనిపించక, "వెళ్లిపోయాయి" అని రాసి, ఆ తరువాత వెళ్లడం మానేశాను. పది రోజులకు ఏదో పనిమీద అటు పోతే, థర్మాకోల్ తెప్ప మీద వల సర్దుకుంటున్న జాలరి ఒకాయన నన్ను గుర్తుపట్టి, "సార్, మీ బాతులు పోలే. వల ఏసినమని ఆ జమ్ము మూలకు జరిగినయ్" అన్నాడు. వెళ్లి చూస్తే ముప్పైకి పైగా ఉన్నాయి. ఆ ఏటి నా ముగింపు తేదీ పూర్తిగా తప్పు. అప్పటి నుంచి రెండు నియమాలు పెట్టుకున్నాను. వల వేసిన రోజున ఆ సంగతిని లెక్క పక్కనే రాయడం ఒకటి. నడక మొదలుపెట్టే ముందు తెప్ప మీది వాళ్లను పలకరించి, ఈ వారం ఏం చూశారని అడగడం రెండోది. రోజూ నీళ్ల మీద ఉండేవారికి జాతుల పేర్లు తెలియకపోవచ్చు, జరిగిన చోట్లు మాత్రం తెలుసు.

పక్షి వెళ్లిన తేదీని ఎవరూ నేరుగా చూడలేరు. మనకు దొరికేది చివరిసారి కనిపించిన తేదీ మాత్రమే, దాని తరువాత వరుసగా మూడు వారాలు సున్నా పడితేనే ఆ తేదీ నిలుస్తుంది. అందుకే ఉగాది తరువాతి నడకలు తప్పనిసరి. పుస్తకంలో ప్రతి వలస జాతికీ ఒక అడ్డువరస, ప్రతి వారానికీ ఒక నిలువువరస గీసి, వెతికినా కనిపించని చోట ఖాళీ వదలకుండా సున్నా వేయండి. ఖాళీ అంటే వెతకలేదని అర్థం, సున్నా అంటే వెతికినా లేదని అర్థం. వెళ్లలేకపోయిన వారం నిలువునా గీత కొట్టండి.

నా పుస్తకంలో గడచిన ఏడు సూదితోక వరస ఇలా ఉంది: ఫిబ్రవరి మొదటి వారం 140, తరువాత 155, 90, 92, 31, 8, ఆపైన సున్నాలు. నడుమ 92 దగ్గర ఒక వారం ఆగడం గమనించండి. మా చెరువు నుంచి వెళ్లినన్ని దక్షిణపు చెరువుల నుంచి వచ్చి దిగి ఉండవచ్చన్నది నా ఊహ. పక్క చెరువులో మరొకరు అదే వారం లెక్క రాస్తే తప్ప తేలదు. గార్గెనీ వరస దాని కింద ఏప్రిల్ రెండో వారం దాకా సాగి, 4, 2, 2 అని నడిచింది. ఆ చివరి రెండూ ఒక మగ, ఒక ఆడ. అలుగు పక్కన తుంగలో, తెల్లకనుబొమ నీళ్ల మీద వంగి ఉండగా చూశాను. పై వారం ఆ గడిలో సున్నా వేశాను, ఆ పక్క గడుల్లో మరో రెండు.